అఖాడా గడప, జైపూర్ కాలు

ఢిల్లీలో ఐటీఓ కూడలికి దగ్గర్లో, విష్ణు దిగంబర్ మార్గ్‌లో, కృత్రిమ కాళ్లూ చేతులూ తయారుచేసి తొడిగే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటుంది. జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఒక స్వచ్ఛంద మండలి నడిపిన చికిత్సాలయాన్ని 1975లో ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. ఇప్పుడు దానికి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు. అక్కణ్నించి ఉత్తరంగా పది కిలోమీటర్లు దాటకుండానే సబ్జీ మండీ ప్రాంతంలో గురు హనుమాన్ 1925లో మొదలుపెట్టిన కుస్తీ అఖాడా వస్తుంది. ఒకచోట మనిషికి కాలు ఇస్తారు. మరోచోట నేలమీద కాలు ఊనడం, ఎదుటివాడి కాలు లేపడం నేర్పుతారు. యాభై ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉన్నా ఇవి రెండు వేర్వేరు లోకాలుగానే పెరిగాయి. కాలో చెయ్యో పోయిన మనిషి ఆత్మరక్షణ విద్య మొదలుపెట్టబోతే ముందుగా అడ్డం వచ్చేది ఈ ఎడమేనని నా వాదన. ఒంట్లో ఏది లేదన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ ఎడం నిన్నమొన్నటిదీ కాదు.

ఐటీఓకి దగ్గర్లోనే ఫిరోజ్‌షా కోట్లా శిథిలాలున్నాయి. 1351 నుంచి 1388 దాకా ఢిల్లీని ఏలిన ఫిరోజ్‌షా తుగ్లక్ తన పాలన గురించి తానే చెప్పుకున్న ‘ఫుతూహాత్’లో, తనకు ముందటి సుల్తానుల కాలంలో కాళ్లు, చేతులు, ముక్కు, చెవులు కోయడం మామూలు శిక్షలని, వాటిని తాను మాన్పించానని రాశాడు. ఆ పాఠాన్ని తన రాజధానిలోని మసీదు మీద చెక్కించాడని తర్వాతి చరిత్రకారులు చెప్పారు. రాజులు తమ గురించి చెప్పుకున్న మాటల్ని సగానికి సగం తగ్గించి చదవడం మంచిది గనక, ఆ మాన్పించడం ఎంతవరకు నిజమన్నది పక్కన పెడదాం. కానీ అతను గొప్ప కోసం చెప్పిన మాటలోంచే ఒక సంగతి బయటపడుతుంది. అప్పటి ఢిల్లీ వీధిలో చెయ్యి లేని మనిషి ఎదురైతే, వీడేం నేరం చేశాడో అన్న అనుమానం చూసేవాడికి తట్టడానికి కారణం ఉంది. యుద్ధంలో పోయిందో, పుండు ముదిరి పోయిందో, శిక్షగా పోయిందో ఒంటిమీద రాసి ఉండదు. తెగిన అవయవానికి సిగ్గు అంటుకోవడానికి పూర్వజన్మ పాపమనే నమ్మకమే మూలమని మనం తరచూ తేల్చేస్తాం. రాజ్యం చేతిలోని కత్తికి కూడా అందులో వాటా ఉంది. అలా సిగ్గు అంటిన మనిషి నలుగురి ముందు చొక్కా విప్పి బరిలోకి దిగడం ఎవరి ఊహకైనా ఎలా వస్తుంది?

పురాణం కూడా ఇక్కడ పెద్దగా సాయం చెయ్యలేదు. ఢిల్లీకి ఉత్తరాన ఉన్న కురుక్షేత్రంలో, పద్నాలుగో రోజు యుద్ధంలో, భూరిశ్రవుడు సాత్యకిని జుట్టుపట్టి ఈడ్చి కత్తి ఎత్తినప్పుడు అర్జునుడు దూరం నుంచి బాణం వేసి ఆ చెయ్యి తెగనరికాడు. తిక్కన తెలుగులో ద్రోణపర్వం చదివినవారికి ఆ తర్వాతి ఘట్టం గుర్తుంటుంది. ఒక చెయ్యి మిగిలి ఉండగానే భూరిశ్రవుడు యుద్ధం చాలించి ప్రాయోపవేశానికి కూర్చుంటాడు. అలా కూర్చున్నవాడి తల సాత్యకి నరికేస్తాడు. ఆ బాణం న్యాయమా, ఆ కత్తి న్యాయమా అని పండితులు ఎన్నో తరాలుగా వాదించుకున్నారు. ఆ రెండో చేత్తో అతను ఎందుకు పోరాడలేదని మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. చెయ్యి పోతే వీరుడి పని ముగిసినట్టేనన్నది కథ చెప్పేవారికీ వినేవారికీ ముందే ఒప్పందమైన విషయం. దీనికి ఎదురు సాక్ష్యం ఋగ్వేదంలో ఉంది: యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు లోహపు కాలు అమర్చి తిరిగి నడిపించారు. విశ్పల స్త్రీ కాదు, గుర్రమని వాదించే పండితులూ ఉన్నారు. ఏదైనా, మన జ్ఞాపకంలో భూరిశ్రవుడే నిలిచాడు, విశ్పల నిలవలేదు.

కథలు వదిలి చరిత్రకు వస్తే, ఢిల్లీని గడగడలాడించినవారిలో ఒకరిద్దరు అంగవిహీనులే. 1398 డిసెంబరులో ఈ నగరాన్ని కొల్లగొట్టిన తైమూర్ కుంటివాడు. 1941లో సోవియట్ శాస్త్రవేత్త గెరాసిమోవ్ సమర్కందులో అతని సమాధి తెరిపించి ఎముకలు చూసినప్పుడు కుడి కాలు, కుడి చెయ్యి రెండూ దెబ్బతిని ఉన్నట్టు తేలింది. ఢిల్లీ సుల్తాను ఇబ్రహీం లోదీతో 1517లో ఖాతోలీ దగ్గర జరిగిన పోరులో రాణా సంగా చెయ్యి పోగొట్టుకున్నాడని రాజపుత్ర కథనాలు చెబుతాయి. అంతకుముందే ఒక కన్ను పోయింది, ఆ పోరులోనే ఒక కాలూ అవిటిదైంది. అయినా పదేళ్ల తర్వాత, 1527లో ఖాన్వా దగ్గర బాబరుకు ఎదురునిలిచినవాడు ఆయనే. వీళ్లను చూపించి ‘చూశారా, అవయవం లేకపోయినా పోరాడవచ్చు’ అనడం తేలిక. ఆ తేలికను నేను నమ్మను. రాజుకు గుర్రం ఉంటుంది, కవచం ఉంటుంది, చుట్టూ అంగరక్షకులుంటారు. చెయ్యి పోయినా అతని ఆజ్ఞకు చేతులకు కొదవ ఉండదు. అదే ఖాతోలీలో చెయ్యి పోయిన మామూలు సిపాయి ఏమయ్యాడో ఎవరూ రాయలేదు. కాబట్టి ఈ ఉదాహరణలు రుజువు చేసేది చాలా చిన్న విషయం: చుట్టూ ఏర్పాటు ఉంటే, అవయవ లోపం ఒక్కటే మనిషిని పోరు నుంచి తప్పించదు. మన ప్రశ్నకు కావలసింది కూడా ఆ ఏర్పాటే.

అఖాడా ఆ ఏర్పాటు కాలేకపోయింది. దండీలు, బస్కీలు, మట్టి, నూనె, పాలు, నెయ్యి, బ్రహ్మచర్యం: ఇవన్నీ కలిసి నిండైన ఒంటిని తయారుచెయ్యడమే అక్కడి సాధన. మన ఉత్తరాంధ్ర సాముగరిడీల్లోనూ, తెలంగాణ తాలింఖానాల్లోనూ ఉన్న ఆదర్శం ఇదే. కోడి రామమూర్తి నాయుడి జీవితమే దీనికి సాక్ష్యం. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని దేశదేశాల్లో ప్రదర్శనలిచ్చిన ఆ మహాబలుడి కాలికి చివరి రోజుల్లో రాచపుండు లేచి కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు లేకుండా, ప్రాణాయామంతో ఆ శస్త్రచికిత్సకు ఓర్చుకున్నాడని తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ అక్కడితో ఆగిపోతుంది. కాలు తీయించుకోవడంలోని ధైర్యాన్ని చెబుతాం గాని, ఒంటికాలి వస్తాదు ఏ సాధన చెయ్యగలడన్న ప్రశ్న మన కథనంలో చోటు చేసుకోలేదు. 1942లో ఆయన పోయాడు. ఛాతీ మీది ఏనుగు మనకు మిగిలింది.

అయితే అఖాడా గడప ఎప్పటికీ కదలదనుకోవడం కూడా పొరపాటే. 1970 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన చందగీరామ్ ఢిల్లీ యమునా ఒడ్డున నడిపిన అఖాడాలోకి 1990ల చివర్లో ఆడపిల్లలను తీసుకొచ్చినప్పుడు వచ్చిన అభ్యంతరాలు గుర్తుచేసుకోండి: వాళ్ల ఒళ్లు దీనికి పనికిరాదు, దెబ్బలు తగులుతాయి, చూడటానికి బాగుండదు. ఇప్పుడు అంగవిహీనుల గురించి వినిపించేవీ ఈ మూడే. హర్యానాలోని ఝజ్జర్ జిల్లా, అంటే జాతీయ రాజధాని ప్రాంతంలోనే, ససరోలీ గ్రామంలో పుట్టిన వీరేందర్ సింగ్‌కు చెవులు వినపడవు, మాట రాదు. ఢిల్లీ బరుల్లో పెరిగి, 2005, 2013, 2017 బధిర ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచాడు. అతను వినగలిగిన వస్తాదులతో కలబడుతూ నేర్చుకున్నాడు, వేరే గదిలో కాదు. చెవిటితనం పట్టుకు అడ్డం రాదు, కాలు లేకపోవడం వస్తుంది కదా అని ఎవరైనా అంటే ఆ తేడాను ఒప్పుకుంటాను. కానీ గడప దాటించేది గురువు నిర్ణయమే అన్నదాంట్లో తేడా లేదు.

అంగవిహీనుడు పోరాడగలడా అన్న ప్రశ్న ఆధునిక ఢిల్లీలో అధికారికంగా మొదట తలెత్తింది సైన్యంలో. రెండో ప్రపంచయుద్ధ క్షతగాత్రుల కోసం 1944లో పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం పెట్టారు. 1962, 1965, 1971 యుద్ధాలు దానికి పని పెంచుతూ పోయాయి. 1971లో సిల్హెట్ దగ్గర మందుపాతర మీద కాలు పడ్డ గూర్ఖా రైఫిల్స్ మేజర్ ఇయాన్ కార్డోజో, చితికిపోయిన తన కాలిని తన ఖుక్రీతో తానే కోసుకున్నారు. ఆ సంఘటన అందరికీ తెలుసు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి కాగితాల పోరాటం. కొయ్యకాలు అధికారి పదాతి దళానికి నాయకత్వం వహించగలడా అని ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయం సందేహించింది. ఆయన దారుఢ్య పరీక్షలో రెండు కాళ్లున్నవారితో కలిసి పరుగెత్తి చూపించారు, లదాఖ్ ఎత్తుల్లో నడిచి చూపించారు. చివరికి బెటాలియన్‌కూ ఆ తర్వాత బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించిన తొలి యుద్ధ వికలాంగ అధికారి అయ్యారు. పదవీ విరమణ తర్వాత ఢిల్లీలోని భారత పునరావాస మండలికి అధ్యక్షులుగానూ పనిచేశారు. ఇందులో పాఠం వీరత్వమైతే అది మనకు పెద్దగా ఉపయోగపడదు. సైన్యం దగ్గర కొలిచే పద్ధతి ఉంది, కాబట్టి కొలిచి చూసి ఒప్పుకుంది. బయటి లోకంలో కొలవకుండానే తీర్పు చెప్పేస్తారు.

పైగా రాజధాని ప్రాంతంలో అవయవం కోల్పోయినవాళ్లందరూ సైనికులు కారు. గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్‌లలో మోటారు విడిభాగాలు చేసే చిన్న కర్మాగారాల్లో పవర్ ప్రెస్ కింద పడి వేళ్లు, అరచేతులు నలిగిపోయే కార్మికుల గురించి సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి వరసగా నివేదికలు వెలువరిస్తోంది. వాళ్లలో ఎక్కువమంది బీహార్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వలస వచ్చినవారు. చాలామందికి పని మారుతుంది, జీతం తగ్గుతుంది, అద్దె గది ఊరి చివరికి జరుగుతుంది. రాత్రి షిఫ్టు దిగి జీతం డబ్బుతో చీకటి సందులో నడిచే ఆ మనిషికి పిడికిలి బిగియదు. రెండు కాళ్లతో, ఒంట్లో సత్తువతో ఉన్నవారికీ ప్రమాదం తప్పదనడానికి అరుణిమా సిన్హా ఉదాహరణ. జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి అయిన ఆమె 2011 ఏప్రిల్‌లో లక్నో నుంచి ఢిల్లీ వైపు వస్తూ, మెడలో గొలుసు కోసం వచ్చిన దొంగలను ఎదిరించాననీ వాళ్లు తనను రైల్లోంచి తోసేశారనీ చెప్పారు. పట్టాల మీద ఆమె ఎడమ కాలు పోయింది, నెలల తరబడి ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్నారు, 2013 మే 21న కృత్రిమ కాలితో ఎవరెస్టు ఎక్కారు. ఈ కథను అందరూ శిఖరం దగ్గర ముగిస్తారు. నాకు మొదలు దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఎదిరించే బలం ఉండి కూడా ఆమె ఆ రాత్రి ఓడిపోయారు. అంటే ఆత్మరక్షణ విద్య పూచీకత్తు కాదు, ఆ మాట ఏ గురువూ దాచకూడదు.

ఇక వస్తువు సంగతి. 1950లలో అమెరికాలో బర్క్‌లీలో రూపొందిన ‘సాచ్’ పాదం మనదేశంలోనూ చాలాకాలం ప్రమాణంగా నడిచింది. అది బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునే మనిషి కోసం చేసినది, చీలమండ వంగదు. 1968లో జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేఠీ కలిసి చేసిన రబ్బరు పాదం మరో దారి పట్టింది: వట్టికాళ్లతో నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బురదలో దిగొచ్చు. తెలుగువాళ్లకు ఆ కాలు పరిచయమైంది 1985 నాటి ‘మయూరి’ సినిమాతో, కాలు పోయాక సుధాచంద్రన్ చేసిన నాట్యంతో. కృత్రిమ కాలు నాట్యం చెయ్యగలదని ఒప్పుకున్న సమాజం అది కాలు దువ్వగలదని మాత్రం అనుకోలేదు. నిజానికి కరాటే గదిలోకైనా కుస్తీ బరిలోకైనా చెప్పులు విడిచే వెళ్లాలి. వట్టికాళ్లతో నేలను పట్టుకుని నిలబడే పాదం ఈ విద్యకు మొదటి అవసరం. ఆ పాదం మన పొరుగునే తయారైంది, దాని ఢిల్లీ కేంద్రాల్లో ఉచితంగానూ ఇస్తున్నారు. అయినా అది చేరాల్సిన చోట్ల జాబితాలో పొలం ఉంది, గుడి ఉంది, అఖాడా లేదు.

ఢిల్లీలో ఆత్మరక్షణ శిక్షణ పెద్దయెత్తున పెరిగింది ఆడపిల్లల భద్రత పేరుతో. నగర పోలీసులు 2002 నుంచి బడుల్లో, కళాశాలల్లో శిబిరాలు పెడుతున్నారు; 2012 డిసెంబరు 16 నాటి సామూహిక అత్యాచారం తర్వాత వాటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. మంచి పనే. కానీ ఇలాంటి శిబిరాల్లో సాధారణంగా నేర్పే పాఠాన్ని విడదీసి చూడండి. మణికట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, మోకాలితో ఎక్కడ కొట్టాలి, కొట్టాక ఎలా పరుగెత్తాలి. మొదటిది చెయ్యి ఉందనుకుని చెప్పేది. రెండోదానికి ఒంటికాలి మీద క్షణం నిలబడాలి: అసలు కాలితో కొడితే బరువంతా కృత్రిమ కాలి మీద పడుతుంది, మోకాలి పైన తెగినవారికి ఆ యంత్రపు మోకాలు మడతపడొచ్చు, కృత్రిమ కాలితో కొడితే దెబ్బ మొండికాలు ఇమిడే సాకెట్ అంచుమీదుగా ఆ చర్మానికే తిరిగి తగులుతుంది. మూడోది, పరుగు, ఆ పాఠం మొత్తానికి పునాది. పరుగు తీసేస్తే మిగతాదంతా మొదటినుంచి కట్టుకోవాలి. గోడకు వీపు ఆనించి నిలబడటం, గొంతు ఎత్తడం, దూరం కొలుచుకోవడం, మోచేయి, అరచేతి మడమ, ముంజేయి వాడటం. పిడికిలి లేని మానేసర్ కార్మికుడికీ ఈ చివరివే పనికొస్తాయి. తీగలతో నడిచే కృత్రిమ చేతికి భుజాల మీదుగా పట్టీలుంటాయి. ఎదుటివాడు ఆ చేతిని పట్టి లాగితే భుజమే అతనికి దొరికిపోతుంది. కాబట్టి పట్టీని క్షణంలో వదులు చేసుకోవడం కూడా ఒక పట్టే. ఇది ఏ కుస్తీ గురువుకూ ఒంటరిగా తట్టదు; కృత్రిమ అవయవాలు అమర్చే ప్రాస్థెటిస్టుకూ తట్టదు. ఇద్దరూ ఒక గదిలో కూర్చుంటే అరగంటలో తడుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కాపాడాల్సింది రాజ్యం, బాధితుల చేత వ్యాయామం చేయించడం తప్పును వాళ్లమీదికి నెట్టడమే అని స్త్రీవాదులూ, వికలాంగుల హక్కుల కార్యకర్తలూ చాలాకాలంగా అంటున్నారు. 2013 నేరచట్ట సవరణ, శారీరక వైకల్యం ఉన్న స్త్రీపై అత్యాచారాన్ని మరింత తీవ్రమైన నేరంగా చేర్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 7వ సెక్షన్ హింస నుంచి రక్షణ ఇస్తుంది, 92వ సెక్షన్ దాడులకు ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష వేస్తుంది. అయినా ఈ హక్కులు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కలేకపోతున్నాయని 2018లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఒక్కొక్క కేసుగా చూపింది. అభ్యంతరంలోని కోపం న్యాయమైనదే. కానీ దానినుంచి శిక్షణ వద్దన్న నిర్ణయం రాదు. ఢిల్లీలోని జాగోరి సంస్థ కెనడాలో పుట్టిన ‘వెన్‌డో’ ఆధారంగా ‘వెన్‌లిడో’ పేరుతో స్త్రీలకు నేర్పేటప్పుడు దెబ్బకంటే ముందు ‘వద్దు’ అనే గొంతును, తప్పు నాది కాదన్న స్పృహను నేర్పుతుంది. షార్లీన్ సెన్ బృందం కెనడా విశ్వవిద్యాలయాల్లో తొలి ఏడాది విద్యార్థినులపై చేసిన అధ్యయనం 2015లో వెలువడింది: ఇలాంటి శిక్షణ పొందినవారిలో ఏడాదిలోపు అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. ఆ విద్యార్థినులు ఢిల్లీవారు కారు, అవయవం కోల్పోయినవారన్న లెక్కతో ఎంచుకున్నవారూ కారు. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడికి మోసుకురాను. శిక్షణ అంటే తప్పును బాధితుల మీదికి నెట్టడమేనన్న మాటకు మాత్రం అవి సరిపడా జవాబు.

చట్టం వైపు నుంచి చూసినా అంతే. తన ఒంటిని తాను కాపాడుకునే హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లుగా కొనసాగుతోంది. ఆ హక్కు ఎన్ని అవయవాలు ఉన్నవారిదని ఎక్కడా అడగలేదు. అవసరానికి మించి గాయపరచకూడదన్న షరతు ఉంది. ఆ అవసరాన్ని ప్రమాదంలో ఉన్న మనిషి నిలబడ్డ చోటునుంచి చూడాలనీ, గ్రాముల లెక్కన తూచకూడదనీ సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. పరుగెత్తి తప్పించుకోలేని మనిషి విషయంలో ఈ మాటకు బరువెక్కువ. ఊతకర్రతో కొట్టినవాడు మొదటే ఎందుకు పారిపోలేదని అడగడానికి వీల్లేదు.

ఊతకర్ర మాట వచ్చింది గనక: బ్రిటిష్ కాలపు భారత పోలీసు అధికారి హెచ్.జి. లాంగ్ 1923లో లండన్‌లో చేతికర్రతో ఆత్మరక్షణ గురించి ఒక పుస్తకం వేశాడు. స్విట్జర్లండ్‌కు చెందిన పియర్ విన్యీ పద్ధతికి అది కొనసాగింపు. కర్రసాము, గట్కా ఉన్న దేశంలో ఇది కొత్తేమీ కాదు. గట్కా ఇప్పుడు ఖేలో ఇండియా క్రీడల్లోనూ ఉంది. కానీ ఇక్కడ ఉత్సాహపడేవారికి ఒక హెచ్చరిక అవసరం. కాలు లేనివాడికి కర్ర ఆయుధం కంటే ముందు కాలు. చంకకర్ర ఎత్తితే ఒంటి బరువు ఎటు పోతుంది? అందుకే కర్ర పాఠం గోడో, స్తంభమో ఆనుకుని మొదలవ్వాలి. నిలబడి కర్ర తిప్పే అందమైన విన్యాసాలు రెండు కాళ్లున్నవారివి.

క్రీడలు ఈ లోటు తీరుస్తాయన్న ఆశ కూడా ఉంది. టోక్యో పారాలింపిక్స్‌లో తైక్వాండో మొదటిసారి చేరినప్పుడు, రాజధాని ప్రాంతంలోదే అయిన భివానీ జిల్లా అమ్మాయి అరుణా తన్వర్ పుట్టుకతో వచ్చిన చేతుల లోపంతో 49 కిలోల విభాగంలో భారత్ తరఫున బరిలో దిగింది. దారి తెరిచిన అమ్మాయి, సందేహం లేదు. కానీ ఆ పోటీ ప్రధానంగా చేతి లోపం ఉన్నవారిది. తలకు తన్నడం నిషేధం, గుద్దుకు పాయింట్ లేదు. పారాలింపిక్ జూడో చూపు లోపం ఉన్నవారికి మాత్రమే. 2024లో పారిస్‌లో కపిల్ పర్మార్ కాంస్యం తెచ్చినది అందులోనే. కాలు తెగినవారికి పోరు క్రీడగా మిగిలేది చక్రాల కుర్చీలో కత్తిసాము. నిబంధనలున్న పోటీకీ వీధిలో మీద పడే చేతికీ తేడా ఎలాగూ ఉంది. కాలు పోయినవాడికి ఆ పోటీ తలుపు కూడా సగమే తెరిచి ఉంది.

అందుకే ఇది పునరావాసంలో భాగం కావాలంటాను. దీనికి పోలిక మన చట్టంలోనే ఉంది. 1992 పునరావాస మండలి చట్టం గుర్తించిన వృత్తి నిపుణుల్లో, చూపు లేనివారికి తెల్లకర్రతో వీధుల్లో తిరగడం నేర్పే శిక్షకులు ఒక ప్రత్యేక వర్గం. అంటే అంధులకు వీధి పాఠ్యాంశం. కాలు పెట్టించుకున్నవారికి పాఠం సాధారణంగా రెండు ఇనుప కడ్డీల మధ్య నడకతో మొదలై మెట్ల దగ్గర ముగుస్తుంది. జూడోలో మొదటివారం నేర్పేది పడటం: గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో నేలను చరిచి, తల కాపాడుకుంటూ పడటం. కృత్రిమ కాలితో నడిచేవారిని దొంగకంటే ఎక్కువసార్లు పడగొట్టేది తడినేల, ఎగుడుదిగుడు ఫుట్‌పాత్. ఎవరూ మీద పడకపోయినా ఈ ఒక్క విద్య జీవితాంతం పనికొస్తుంది. పడి లేవడం నేర్చుకున్నాకే మిగతావి.

చివరగా డబ్బు. సాధనలో కాలు విరిగితే? కేంద్ర ప్రభుత్వం ఉపకరణాలు ఇచ్చే ఏడీఐపీ పథకం నిబంధన ప్రకారం, అదే ఉపకరణాన్ని మళ్లీ పొందాలంటే పన్నెండేళ్లు దాటినవారికి మూడేళ్లు గడవాలి. పథకంలో కాలు అందుకున్న కార్మికుడు ఆ మూడేళ్ల లోపు చాపమీద సాకెట్ పగలగొట్టుకుంటే మిగతా కాలం చంకకర్రలతో గడపాలి, లేదా అప్పు చెయ్యాలి. ఈ లెక్క తెలిసిన మనిషి శిక్షణకు రాకపోతే దాన్ని భయమని, బద్ధకమని అనడానికి వీల్లేదు. గడప దాటించదలచిన గురువు ముందు చెయ్యాల్సింది కాలు విప్పి పక్కన పెట్టించడం, నేలమీద కూర్చోబెట్టి, పాకించి, దొర్లించి నేర్పడం. కుస్తీలో సగం విద్య ఎలాగూ నేలమీదే జరుగుతుంది. ఆ సగానికి ఏ సాకెట్టూ అక్కర్లేదు, మూడేళ్ల గడువూ అక్కర్లేదు.